జబ్బుతో పాటు వచ్చిన దిగులుకు ఏ థెరపీ మేలు?

డయాలసిస్ మొదలైన మనిషి "ఇక నా బతుకు మెషీన్ చేతిలో ఉంది" అంటే అందులో అబద్ధం లేదు. మామూలుగా వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా సుమారు నాలుగు గంటలు, పైన రానూపోనూ ప్రయాణం. ఆ మనిషిని "ఈ ఆలోచనకు రుజువేంటి?" అని అడిగితే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చెయ్యి చూపిస్తాడు. ఒంట్లో బాగున్నవాళ్ల ఆందోళన కోసం తయారైన పద్ధతిని జబ్బు మనిషి ముందు ఉన్నదున్నట్టు పెడితే వచ్చే చిక్కు ఇదే. ఒకటి రెండు సెషన్లకే మానేసి "కౌన్సెలింగ్ నాకు పడలేదు" అనేవాళ్లలో కొందరి విషయంలో నిజంగా పడనిది ఆ పద్ధతి మాత్రమే.

కాబట్టి సీబీటీ (ఆలోచనల్ని రుజువుతో సరిచూసుకునే థెరపీ) మేలా, యాక్ట్ (మార్చలేనిదాన్ని అంగీకరించి ముందుకు సాగడం నేర్పే థెరపీ) మేలా అని అడిగే ముందు ఒక చిన్న పని చేయండి. వారం రోజులు మనసును తొలిచిన మాటల్ని కాగితం మీద ఒక్కో వరుసలో ఒక్కోటి రాయండి. కొన్నింటికి మన చేతిలో ఏదో ఒక పని ఉంటుంది: ఆస్పత్రికి తోడు వచ్చేవాళ్లు లేరు, ఆఫీసులో సెలవు ఎలా అడగాలో తెలియదు. కొన్నింటిలో నిజం సగం, ఊహ సగం: "ఇంట్లో అందరికీ బరువయ్యాను", "నాకు కేన్సర్ అని తెలిస్తే పిల్లకు సంబంధాలు రావు". మిగిలినవి ఎవరూ మార్చలేని నిజాలు: రొమ్ము తీసేశారు, పోయిన చూపు రాదు, జబ్బు తిరగబెట్టొచ్చు. కాగితం మీద ఏ రకం ఎక్కువుందో చూస్తే సగం జవాబు దొరికినట్టే.

అంతకంటే ముందు ఒళ్లు

థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా, బీ12 లోపించినా మనిషి డిప్రెషన్‌లో ఉన్నట్టే కనిపిస్తాడు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మందులు నిద్రనూ మూడ్‌నూ తారుమారు చేస్తాయి. గురక పెడుతూ ఊపిరి ఆగి ఆగి నిద్రపోయే మనిషి పగలంతా నీరసంగా, చిరాకుగా ఉంటాడు. వీటిని చూడకుండా పన్నెండు వారాలు మాట్లాడినా ఉపయోగం లేదు. మామూలు డాక్టరు రాసే రక్తపరీక్షలు ముందు చేయించుకోండి.

డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రం చాలాచోట్ల ఇస్తారు. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వివరంగా పరీక్షించాలి. అయితే అందులో నిద్ర, నీరసం, ఆకలి గురించి కూడా ప్రశ్నలున్నాయి. కీమో నడుస్తున్నవాళ్లకు ఆ మార్కులు దిగులు లేకపోయినా పడతాయి. కాబట్టి మొత్తం అంకె ఒక్కటే చూడకుండా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిరాశ, తనను తాను నిందించుకోవడం ఎంతున్నాయో విడిగా చూడాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. అక్కడ సున్నా కాకుండా ఏది వచ్చినా ఈ వ్యాసం పక్కన పెట్టి, ఆరోజే డాక్టరుతో మాట్లాడండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి.

చేయగలిగిన పని ఉన్నప్పుడు

ఇక్కడ ప్రాబ్లమ్ సాల్వింగ్ థెరపీయే మేలు. నాలుగు నుంచి ఎనిమిది సెషన్లలో తేలిపోతుంది. ఒక సమస్యను ఒక్క వాక్యంలో రాయడం, తోచిన దారులన్నీ మంచి చెడ్డలు ఎంచకుండా రాసుకోవడం, తర్వాత తూచి ఒకటి ఎంచుకోవడం, దాని మొదటి అడుగుకు రోజు, వేళ పెట్టుకోవడం, వచ్చే వారం ఏమైందో చూసుకోవడం. ఇంతే.

సమస్యను మరీ పెద్దదిగా రాస్తే ఇది దెబ్బతింటుంది. "డబ్బు లేదు" అని రాస్తే కదలదు. "డయాలసిస్ రోజుల్లో ఆటో ఖర్చు భరించలేకపోతున్నాం" అని రాస్తే కదులుతుంది. పరిష్కారం థెరపిస్టే చెప్పేయడం ఇంకో పొరపాటు. చుట్టాలు ఆ పని ముందే చేసి ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ కూడా ఈ కోవలోదే. ఐదు సెషన్లు, అందులో ఊపిరి సాధన, సమస్య పరిష్కారం, పనుల్లోకి తిరిగి రావడం, తోడు కూడగట్టుకోవడం ఉంటాయి.

సగం నిజం, సగం ఊహ

సీబీటీ బలం ఇక్కడ. మామూలుగా వారానికొకసారి, ముప్పావుగంట నుంచి గంట, 12 నుంచి 20 సెషన్లు. జబ్బు మనిషి విషయంలో మంచి థెరపిస్టు నిజమైన సగం జోలికి పోరు. "బరువయ్యాను" అన్నప్పుడు "అబ్బే, అలాంటిదేం లేదు" అనడం ఓదార్పు. అది సాయంత్రానికి కరిగిపోతుంది. ఇంట్లో ఏ పనులు నిజంగా ఇతరుల మీద పడ్డాయి, ఏవి ఇంకా తన చేతుల్లోనే ఉన్నాయి అని రెండు జాబితాలు రాయిస్తారు. తర్వాత భార్యనో కొడుకునో "ఈ వారం నీకు కష్టమైందేంటి?" అని నేరుగా అడిగి రమ్మంటారు. వాళ్లు చెప్పేది, మనిషి లోలోపల అనుకున్నది పక్కపక్కన పెట్టి చూడటమే ఆ వారం పని.

రాయడం అలవాటు లేనివాళ్లకు నోటుబుక్కు ఇస్తే ఖాళీగా తిరిగొస్తుంది. ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసుకోమంటే చాలు. కీమో ఎక్కించిన మర్నాడు సెషన్ పెట్టడమూ తప్పే. వాంతులు, మత్తు తగ్గి తల తేలికయ్యే రోజు ఏదో అడిగి పెట్టాలి.

మార్చలేని నిజం

ఇక్కడ వాదనతో పనిలేదు. యాక్ట్ అనే పద్ధతి భయాన్ని తీసేయాలని చూడదు. భయం ఉండగానే మనిషి తనకు ముఖ్యమైన పని చేయగలగాలన్నదే దాని లక్ష్యం. "తిరగబెడుతుంది" అన్న మాటను "తిరగబెడుతుందన్న ఆలోచన ఇప్పుడు వచ్చింది" అని మార్చి చెప్పుకోవడం ఒక సాధన. స్కాన్‌కు ముందు వారం ఇది బాగా పనికొస్తుంది. దానికి జతగా, తనకు ఏది ముఖ్యమో దానివైపు ఒక చిన్న పని: మనవడికి రోజూ పది నిమిషాలు ఎక్కాలు చెప్పడం లాంటిది.

తెలుగులో దీనికి ఒక ప్రమాదం ఉంది. "అంగీకారం" అనగానే మనవాళ్లకు "నీ కర్మ, సరిపెట్టుకో" అని వినిపిస్తుంది. ఆ మాట ఇప్పటికే ఊరంతా చెప్పింది. మందులు మానడం, నొప్పి ఓర్చుకోవడం అంగీకారం కాదని థెరపిస్టు మొదటిరోజే విడమరిచి చెప్పకపోతే మీరే అడగండి.

మంచం దిగని మనిషికి

ఆలోచనల సంగతి తర్వాత; ముందు పనులు. బిహేవియరల్ యాక్టివేషన్ అంటే ఇదే. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మామూలు చదువు చదివి శిక్షణ పొందిన కౌన్సెలర్లు ఈ పద్ధతిని ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో చేయగా తీవ్రమైన డిప్రెషన్ తగ్గిందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పెద్ద డిగ్రీ లేకుండా కూడా బాగా చేయగలిగిన పద్ధతి కాబట్టి చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకు మేం దీన్నే ముందు చెబుతాం.

బాగున్న రోజు ఇల్లంతా సర్దేసి, తర్వాత మూడు రోజులు పడుకోవడం దీర్ఘకాలపు నొప్పి ఉన్నవాళ్లలో మామూలే. దానికి మందు గడియారం. మూడు రోజులు ఎంతసేపు నడవగలిగారో రాసి సగటు తీయండి. సగటు 20 నిమిషాలు వస్తే ఐదో వంతు తగ్గించి 16 నిమిషాలతో మొదలుపెట్టండి. బాగున్నా అంతే, బాగాలేకపోయినా వీలైనంతవరకు అంతే. నెమ్మదిగా పెంచాలి. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ (విశ్రాంతి తీసుకున్నా తగ్గని దీర్ఘకాలపు తీవ్ర నీరసం) ఉన్నవాళ్లు మాత్రం ఇలా వారంవారం పెంచుకుంటూ పోకూడదు. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో ఆ పద్ధతి వద్దని స్పష్టంగా చెప్పింది.

జబ్బు బయటపడిన వారంలో ఇవేవీ వద్దు. అప్పుడు కావాల్సింది వినే మనిషి. సపోర్టివ్ థెరపీ తక్కువది కాదు. ఆ దశలోనూ, చివరి దశలోనూ అదే మేలు.

ఎక్కడికి వెళ్లాలి?

టెలీ మానస్ అనే ఆ ప్రభుత్వ హెల్ప్‌లైన్ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే రాత్రీపగలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి గడవడానికి, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి ఇది చాలా మంచిది. వారంవారం ఒకే థెరపిస్టుతో నడిచే చికిత్సకు ఇది బదులు కాదు.

హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో ఖర్చు ఉండదు లేదా నామమాత్రం. మందులు అవసరమైనవాళ్లకు అదే మంచి దారి. కానీ ఓపీ రద్దీలో గంటసేపు మాట్లాడే వీలుండదు. "క్లినికల్ సైకాలజీకి రాయండి" అని నోరు తెరిచి అడిగితేనే థెరపీ దొరుకుతుంది.

ప్రైవేటులో సెషన్‌కు 1500 రూపాయలైతే 12 సెషన్లకు 18,000. ముందే లెక్క వేసుకోండి, డబ్బు చాలక మధ్యలో మానేయడం కంటే ఆరు సెషన్ల పద్ధతిని పూర్తిచేయడం నయం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు మానసిక జబ్బుకూ ఒంటి జబ్బుతో సమానంగా బీమా కల్పించాలి. అయితే ఓపీ ఖర్చు ఇవ్వని పాలసీలో సెషన్ ఫీజు కూడా రాదు. పాలసీ కాగితంలో ఓపీ అన్న మాట వెతకండి.

ఆన్‌లైనా, ఎదురుగానా? నడవలేనివాళ్లకు, ఇన్ఫెక్షన్ భయం ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ మేలే. దానికి తలుపు వేసుకునే గది ఉండాలి. రెండు గదుల ఇంట్లో అత్తగారు వింటుండగా ఏ కోడలూ మనసు విప్పదు. అలాంటప్పుడు ఆస్పత్రికి వెళ్లే రోజే సెషన్ పెట్టించుకోండి. డయాలసిస్ కుర్చీలో ఉండగా మాత్రం వద్దు, పక్క మంచం అడుగు దూరంలో ఉంటుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇంకోటి గమనించాలి: అక్కడ లైసెన్సు రాష్ట్రానికొకటి. ఇక్కడి థెరపిస్టుతో తెలుగులో మాట్లాడటం హాయిగా ఉన్నా అక్కడి బీమా మామూలుగా దానికి డబ్బు ఇవ్వదు.

అపాయింట్‌మెంట్‌కు ముందు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడగండి. ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? క్లినికల్ సైకాలజిస్టుకు అది ఉండి తీరాలి. "కౌన్సెలర్" అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. నా జబ్బు ఉన్నవాళ్లతో ఇంతకుముందు పనిచేశారా? ఏ పద్ధతి, ఎన్ని సెషన్లు? అటెండెంటును బయట కూర్చోబెడతారా? ఆఖరిదానికి తడబడితే ఇంకొకరిని చూసుకోండి. నాలుగో సెషన్‌లో పీహెచ్‌క్యూ-9 మళ్లీ నింపమని అడగండి. అంకె కదలకపోతే పద్ధతి మార్చమనండి, లేదా సైకియాట్రిస్టుకు ఉత్తరం రాయించుకోండి.