వారానికో సూదా, రోజుకో మాత్రా? పిన్నికి ఒకటి, బాబాయికి ఇంకొకటి ఎందుకు చెప్పానంటే

పోయిన ఆదివారం బెజవాడ సత్యనారాయణపురంలో పిన్ని వాళ్ళింట్లో భోజనాలయ్యాక బాబాయ్ మెల్లగా కదిపాడు. "అమ్మాయ్, పదకొండేళ్ళు హైదరాబాద్‌లో ఆ పెప్టైడ్ లాబ్‌లోనే కదా నువ్వు పనిచేసింది, షుగర్‌కీ బరువుకీ వారానికోసారి వేసే సూది వచ్చిందంటున్నారు, అదే మందు మాత్రగా కూడా ఉందంట, ఏది మేలో ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఆ రోజు అరగంట మాట్లాడాను, ఇంటికొచ్చాక చెప్పనివి ఇంకా చాలా గుర్తొచ్చాయి, అందుకే రాస్తున్నాను. ఇదే ప్రశ్న ఇప్పుడు గుంటూరు, బెజవాడల్లో చాలా ఇళ్ళలో నడుస్తోందని నాకు తెలుసు.

ముందు మందు గురించి. దాని పేరు సెమాగ్లుటైడ్. మనం అన్నం తినగానే పేగులోంచి జిఎల్‌పి-1 అనే హార్మోన్ వస్తుంది, అది ఇన్సులిన్ విడుదల చెయ్యమని క్లోమానికి చెబుతుంది, ఇక చాలని మెదడుకి చెబుతుంది. కానీ ఒంట్లో అది రెండు నిమిషాలు కూడా నిలవదు, ఎంజైములు కోసేస్తాయి. దాన్ని పోలిన అమైనో ఆమ్లాల గొలుసునే తయారుచేసి, ఎంజైము కోసే చోట పూసలాంటి ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, పక్కన ఒక కొవ్వు ఆమ్లం తోకని తగిలించారు. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని వేలాడుతుంది కాబట్టి రెండు నిమిషాల హార్మోన్ కాస్తా వారం రోజుల మందయింది. వారానికి ఒక్క సూది సరిపోవడానికి కారణం ఇదే.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. పూసల దండ అనుకోండి, సెమాగ్లుటైడ్‌లో 31 పూసలు. పప్పులో, గుడ్డులో ఉండే ప్రోటీన్ కూడా ఇలాంటి గొలుసులే, పొట్ట వాటిని ముక్కలు చెయ్యడానికే ఉంది. మరి అదే పొట్టలోకి ఈ మందుని మాత్రగా పంపితే ఏమవుతుంది? పప్పుకి జరిగేదే జరుగుతుంది. సూదికీ మాత్రకీ ఉన్న తేడాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

దీనికి విరుగుడుగా మాత్రలో స్నాక్ (SNAC) అనే పదార్థం కలిపారు. మాత్ర కరిగిన చోట ఆమ్లాన్ని కాసేపు తగ్గించి, పొట్ట గోడ గుండా మందు లోపలికి జారేలా చేస్తుంది. చాలా తెలివైన పని, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయినా రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు దాకానే, ఒక్కోసారి అంత కూడా కాదు. షుగర్‌కి సూది ఒక మిల్లీగ్రాము వారానికోసారి. మాత్ర 14 మిల్లీగ్రాములు రోజూ, అంటే వారానికి 98. అంత మందు మింగితే దక్కేది ఆ కాస్త.

ఆ కాస్తైనా దక్కాలంటే పద్ధతి తప్పకూడదు. పొద్దున్నే పరగడుపున, అర గ్లాసుకి మించని మంచినీళ్ళతో వేసుకుని, తర్వాత కనీసం అరగంట ఏమీ ముట్టకూడదు. కాఫీ లేదు, టీ లేదు, ఇంకో మాత్ర కూడా లేదు. నీళ్ళు ఎక్కువ తాగినా స్నాక్ పలచబడిపోతుంది, మందు దక్కదు. "ఏముందే, ఒక గుక్క కాఫీయేగా" అనుకుంటే ఆ రోజు మాత్ర వేసుకోనట్టే.

పిన్నికి నేను మాత్ర వద్దన్నది ఇందుకే. ఆమెకి పదేళ్ళుగా థైరాయిడ్ ఉంది, పొద్దున లేవగానే పరగడుపున థైరాక్సిన్ వేసుకుంటుంది. మన ఇళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళు ఇలా వేసుకుంటున్నారో లెక్కే లేదు. ఇప్పుడు రెండు మందులూ పరగడుపునే కావాలంటాయి. పైగా సెమాగ్లుటైడ్ మాత్రతో పాటు వేసుకుంటే థైరాక్సిన్ ఒంటికి మామూలుకన్నా ఎక్కువ పట్టే అవకాశం ఉంది, మళ్ళీ రక్త పరీక్షలు చేయించి డోసు సరిచూసుకోవాలి. పొద్దున్నే గడియారం చూసుకుంటూ ఇది ముందా అది ముందా అని టెన్షన్ పడేకన్నా, వారానికోసారి శుక్రవారం పూజయ్యాక పొట్ట మీద ఒక సూది వేసుకోవడం ఆమెకి తేలిక. ఆ సూది మొన ఇన్సులిన్ పెన్ను మొనలా సన్నగా ఉంటుంది, అన్నంతో సంబంధం లేదు, కాఫీతో సంబంధం లేదు.

థైరాయిడ్ ఉన్నవాళ్ళు ఈ మందు వాడకూడదట కదా అని పిన్ని భయపడింది. వాడకూడనిది మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ తమకో, దగ్గరి రక్త సంబంధీకులకో వచ్చినవాళ్ళు. పిన్నిది హార్మోన్ తక్కువయ్యే మామూలు థైరాయిడ్, అది వేరు ఇది వేరు. డాక్టర్‌కి మాత్రం చెప్పి తీరాలి.

బాబాయ్ కథ వేరు. వన్ టౌన్‌లో బట్టల కొట్టు, రెండు నెలలకోసారి సరుకు కోసం సూరత్ ప్రయాణం. సూది మందు ఉండే పెన్నుల్ని తెరిచేదాకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకం మొదలయ్యాక 30 డిగ్రీల లోపు కొన్ని వారాలు బయట ఉండొచ్చు, ఎన్ని వారాలో పెన్నుతో వచ్చే కాగితంలో ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. బెజవాడ ఎండాకాలంలో 30 డిగ్రీల లోపు గది ఎక్కడుందండీ? రోహిణీ కార్తెలో రాత్రి పన్నెండింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. రైల్లో ఐస్ డబ్బా పెట్టుకుని తిరగడం ఆయన వల్ల కాదు. మాత్రకైతే ఫ్రిజ్ అక్కర్లేదు. ఇంకో సంగతి, ఆయన నాలుగున్నరకే లేచి కాలవ గట్టు మీద నడకకి పోతాడు, వచ్చాకే కాఫీ. లేవగానే మాత్ర వేసుకుని బయల్దేరితే ఆ అరగంట నడకలోనే గడిచిపోతుంది. మందుకి కావలసిన పద్ధతి ఆయన అలవాటులోనే ఉంది, కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. ఒక్కటే చెప్పాను, వారం మాత్రలన్నీ ముందే గిల్లి ప్లాస్టిక్ గళ్ళ డబ్బాలో సర్దే అలవాటు ఉందే, ఈ మాత్రని మాత్రం అందులో వెయ్యొద్దని. దీనికి తేమ పడదు, వేసుకునే క్షణంలోనే రేకులోంచి తియ్యాలి, విరగ్గొట్టకూడదు, నమలకూడదు.

చల్లదనం సంగతి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన మే నెలలో గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా మేనత్త పెన్ను కొన్నది. షాపులో మామూలు కవర్లో వేసి ఇచ్చారు, ఐస్ ప్యాక్ లేదు. ఆమె ఎండలో ఆటోలో ఇంటికొచ్చి, పాడైపోతుందేమోనన్న భయంతో నేరుగా ఫ్రీజర్‌లో ఐస్ ట్రే పక్కన పెట్టింది. పొద్దున తీసి చూస్తే లోపల మందు గడ్డకట్టి ఉంది. నాకు ఫోన్ చేసి "కరిగాక మళ్ళీ నీళ్ళలా తేటగానే ఉందమ్మా, వేసుకోనా" అంది. వద్దన్నాను. గడ్డకట్టి కరిగిన గొలుసులు ఒకదానికొకటి చుట్టుకుని ముద్దలవుతాయి, కంటికి తేటగా కనిపించినా నమ్మడానికి లేదు. వేలు పోసి కొన్న పెన్ను పారేశాం. ఆమె మొహం చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది. పెన్ను పెట్టాల్సింది ఫ్రిజ్ మధ్య అరలో, ఫ్రీజర్‌లో కాదు, తలుపులోనూ కాదు. షాపులో ఐస్ ప్యాక్ అడిగి మరీ తీసుకోండి.

ఇక పనిచెయ్యడంలో ఏది మెరుగు? షుగర్ తగ్గించడంలో రెండిటికీ పెద్ద తేడా ఉండదు, సూది కాస్త ముందుంటుంది. బరువు విషయంలో ఎక్కువ డోసు సూది, అంటే 2.4 మిల్లీగ్రాములది, షుగర్ లేనివాళ్ళ మీద చేసిన పెద్ద పరీక్షలో 68 వారాలకి సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గించింది. షుగర్ ఉన్నవాళ్ళలో అది పది శాతం లోపే. పిన్నికి ఇది ముందే చెప్పాను, పక్కింటావిడ తగ్గినంత నువ్వు తగ్గకపోవచ్చు, బాధపడొద్దని. టిర్జెపటైడ్ అనే ఇంకో వారం సూది రెండు హార్మోన్ల పని చేస్తుంది, రెండిటినీ ముఖాముఖి పోల్చినప్పుడు 72 వారాలకి అది 20 శాతం, సెమాగ్లుటైడ్ 14 శాతానికి దగ్గర. బరువే అసలు సమస్య అయితే అదే మేలు. ధర మాటేంటంటే, 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ (మందు సీసా) 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. ఇది వారానికి. సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చితో తీరింది, మన కంపెనీలకి దారి తెరుచుకుంది. అందుకే పిన్నికి ముందు సెమాగ్లుటైడ్ అన్నాను. ఈ మందు మానేస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగొచ్చినట్టు పరీక్షలో తేలింది. నెలనెలా కట్టగలిగేదే మొదలుపెట్టాలి.

మన కంపెనీలవి అనగానే బాబాయ్ అడిగాడు, కొందరు ఈస్ట్‌తో చేస్తారట, కొందరు కెమికల్‌తో చేస్తారట, కెమికల్ అంటే ఒంటికి చెడ్డదేమో అని. నేను పుట్టి పెరిగినట్టున్న చోటు అది, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

1963లో మెర్రిఫీల్డ్ అనే అమెరికన్ ఈ గొలుసుల్ని రసాయనంగా కట్టే ఒక పద్ధతి కనిపెట్టాడు, 1984లో నోబెల్ ఇచ్చారు. మొదటి పూసని బొంబాయి రవ్వంత సన్నటి రెసిన్ గింజలకి అతికిస్తారు. దానికి రెండోది, రెండోదానికి మూడోది, ఒక్కో పూస తర్వాత కడగడం, మళ్ళీ కలపడం. ప్రతి అతుకు తర్వాత చిటికెడు గింజలు గాజు గొట్టంలోకి తీసుకుని నిన్‌హైడ్రిన్ అనే రసాయనం చుక్కలు వేసి వేడిచేస్తాం. పసుపు రంగులోనే ఉంటే అతుకు పడినట్టు, నీలం తిరిగితే ఇంకా ఖాళీలున్నట్టు. రాత్రి రెండింటికి ఆ గొట్టం నీలం తిరిగితే ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు. ఎందుకంటే 31 పూసలకి 30 అతుకులు. ఒక్కో అతుకు నూటికి 99 పడితే చివరికి సరైన గొలుసులు 74. అదే 95 పడితే 21 మాత్రమే, మిగతావన్నీ ఎక్కడో ఒక పూస జారిపోయిన గొలుసులు. అసలుదాన్నీ వాటినీ వేరుచెయ్యడమే పెద్ద పని. ఈస్ట్‌లో పెంచితే ఈ జారిన పూసల గొడవ తక్కువ, కానీ ఆ కణాల ప్రోటీన్లు మందులో మిగలకుండా కడగాలి. రెండు చైన్లూ మూడు గంధకపు ముడులూ ఉన్న ఇన్సులిన్‌కి బాక్టీరియానో ఈస్టో మేలు. సెమాగ్లుటైడ్ కనిపెట్టిన కంపెనీ గొలుసులో ఎక్కువ భాగాన్ని ఈస్ట్‌లో పెంచి, మిగతా పూసల్నీ తోకనీ రసాయనంగా తగిలిస్తుంది, టిర్జెపటైడ్ 39 పూసలూ రసాయనంగానే కడతారు. కాన్పుల వార్డులో ఇచ్చే ఆక్సిటోసిన్ కూడా 9 పూసల పెప్టైడే, రసాయనంగా చేసిందే. రసాయన పద్ధతికి సాల్వెంట్, అంటే కరిగించడానికీ కడగడానికీ వాడే ద్రవం, టన్నులకొద్దీ ఖర్చవుతుంది, అది పర్యావరణానికి భారం, నిజమే. కానీ శుద్ధి చేసి పరీక్షలు దాటి అనుమతి పొందిన మందు ఏ దారిలో వచ్చినా వాడేవాళ్ళు బెంగపడక్కర్లేదు.

బెంగపడాల్సింది ఇంకోదానికి. మా తమ్ముడు జిమ్‌లో ఎవరో ఇచ్చారని ఒక చిన్న సీసా తెచ్చాడు, అడుగున తెల్లటి పొడి, పైన బిపిసి-157 అనే పెప్టైడ్ పేరు, పరిశోధనకి మాత్రమే అని రాసి ఉంది. ఇది మనుషుల కోసం ఆమోదం పొందిన మందు కాదు. ఆ పొడిలో సరైన గొలుసులు నూటికి 99 ఉన్నాయా 21 ఉన్నాయా, సూదికి పనికొచ్చేంత శుభ్రంగా చేశారా అన్నది చూసి చెప్పలేం. నేనే చెప్పలేను, పదకొండేళ్ళు చేసినదాన్ని. బరువు సూదులు కూడా ఇలాంటి సీసాల్లో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. సూదా మాత్రా అన్న పోలికలోకే అది రాదు. తమ్ముడి చేత అప్పుడే పారేయించాను.

ఏది వాడినా మొదటి వారాల్లో వికారం, వాంతులు, మలబద్ధకం ఉండొచ్చు. అందుకే చిన్న డోసుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. మన ఎండల్లో వాంతులైతే ఒంట్లో నీరు పోయి కిడ్నీల మీద పడుతుంది, మజ్జిగా నీళ్ళూ తాగుతూ ఉండాలి. విపరీతమైన కడుపునొప్పి వీపులోకి పాకితే ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్ళాలి, క్లోమం వాపు కావచ్చు. కొవ్వుతో పాటు కండ కూడా తగ్గుతుంది కాబట్టి పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించొద్దని పిన్నికి ఒట్టు పెట్టించినంత పని చేశాను, అసలే ఆకలి లేదని రెండు ఇడ్లీలతో రోజు గడిపే రకం. బాబాయ్ షుగర్‌కి మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ కూడా వాడుతున్నాడు. కొత్త మాత్ర జతయ్యాక షుగర్ మరీ పడిపోకుండా గ్లిమిపిరైడ్ డోసు తగ్గించాలేమో డాక్టర్ చూడాలి. మెట్‌ఫార్మిన్ పాతదని మానెయ్యకూడదు, ఎన్నో దశాబ్దాలుగా నమ్మకంగా పనిచేస్తున్న చవక మందు అది. పిన్నికి కంటి రెటీనాలో షుగర్ మచ్చలు ఉన్నాయని పోయినేడు చెప్పారు, సెమాగ్లుటైడ్‌తో షుగర్ వేగంగా పడితే అవి ముదిరే వీలుంది, కాబట్టి కన్ను చూపించాకే మొదటి సూది.

గురువారం సాయంత్రం సూర్యారావుపేటలో ఇద్దరికీ అపాయింట్‌మెంట్. పిన్ని కంటి రిపోర్టు, థైరాయిడ్ రిపోర్టు, బాబాయ్ మాత్రల చీటీ ఒకే కవర్లో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచి వచ్చాను.