యార్క్‌లో తిరగండి, విట్బీలో పడుకోండి

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లకు బ్యాంక్ హాలిడే వారాంతం దగ్గరపడిందంటే ఒకటే చర్చ. పాత నగరమా, పల్లెపట్టా, సముద్రమా? మూడూ పక్కపక్కనే ఉన్న చోటు కావాలంటే యార్క్‌షైర్‌ను మించింది నాకైతే కనబడలేదు. అయితే మూడూ ఉన్నాయి కదా అని రెండు రాత్రుల సెలవులో మూడూ చుట్టేయాలనుకుంటే బస్టాపుల్లోనే సెలవు అయిపోతుంది. రాత్రి ఎక్కడ పడుకోవాలో ముందు తేల్చుకోండి, మిగతాది దాన్నిబట్టి సర్దుకుంటుంది. మాకు కారు లేదు, కాబట్టి ఇదంతా రైలు, బస్సు లెక్కలోనే చెబుతున్నాను.

పాత నగరం యార్క్‌కు చేరుకోవడం చాలా తేలిక. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి రైల్లో రెండు గంటలు. స్టేషన్ బయటికి రాగానే కోటగోడ ఎదురుగా కనిపిస్తుంది. సుమారు 3.4 కిలోమీటర్ల గోడ, పైకెక్కి నడవడానికి టికెట్ లేదు. చిన్నపిల్లలుంటే మాత్రం చేయి వదలకండి, లోపలివైపు చాలాచోట్ల పట్టుకోవడానికి కమ్మీలు ఉండవు. చీకటి పడితే గేట్లు మూసేస్తారు. డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది కాబట్టి చలికాలంలో వెళ్లేవాళ్లు పొద్దున్నే గోడ ఎక్కేయాలి.

మిన్‌స్టర్ చర్చిలో తూర్పువైపు అద్దాల కిటికీ ఒక్కటి చూసినా డబ్బులు గిట్టినట్టే. 1405 నుంచి 1408 వరకు జాన్ థార్న్‌టన్ అనే రంగుటద్దాల కళాకారుడి బృందం చేసిన పని అది. దాదాపు టెన్నిస్ కోర్టంత ఉంటుంది. టికెట్ ధర ఎక్కువ అనిపిస్తే సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు వెళ్లి కూర్చోండి, దానికి డబ్బులు తీసుకోరు. అప్పుడు చర్చంతా తిరిగి చూడటం కుదరదు గానీ, ఆ కప్పు కింద బృందగానం వినడం వేరే అనుభవం. పిల్లలున్నవాళ్లకు నేషనల్ రైల్వే మ్యూజియం ఉంది, అదీ ఉచితమే. 1938లో గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్లలో ప్రపంచ రికార్డు కొట్టిన మల్లార్డ్ అక్కడే ఉంది. షాంబుల్స్ వీధి గురించి అందరూ చెబుతారు. మధ్యాహ్నం పూట అక్కడ జనం తప్ప ఇంకేమీ కనబడదు. పొద్దున ఎనిమిదింటికి వెళ్తే పైఅంతస్తులు ఎదురెదురుగా ముందుకు వంగిన ఆ పాత ఇళ్లు కనిపిస్తాయి.

ఇన్ని ఉన్నా రాత్రికి యార్క్‌ను నేను సిఫార్సు చేయను. పగలే చూసేసే ఊరు అది. పైగా శుక్ర, శనివారాల్లో పెళ్లికి ముందు పార్టీల గుంపులు దిగుతాయి. మేం దిగిన హోటల్ వెబ్‌సైట్‌లో ‘నగర దృశ్యం’ అని రాసిన గది కిటికీ తెరిస్తే కార్ పార్కింగ్, దాని వెనక ఒక బార్. రాత్రి రెండింటిదాకా పాటలు. రిసెప్షన్ అమ్మాయి మాత్రం మంచిది, అడగకముందే ఇయర్ ప్లగ్స్ చేతిలో పెట్టింది. అంటే రోజూ ఇదే తంతన్నమాట. గుర్రప్పందేల రోజుల్లో, క్రిస్మస్ మార్కెట్ వారాల్లో ఇలాంటి గదులకే రేట్లు చుక్కలంటుతాయి.

సముద్రం ఒడ్డున ఉన్న విట్బీ సంగతి పూర్తిగా వేరు. యార్క్ నుంచి నేరుగా రైలు లేదు. 840 నంబర్ కోస్ట్‌లైనర్ బస్సు పికరింగ్ మీదుగా మూర్స్ అనే పొదల కొండ మైదానాలు దాటుకుంటూ వెళ్తుంది, రెండు గంటలు దాటుతుంది. 2018లో ఈ రూటుకు బ్రిటన్‌లోకెల్లా అందమైన బస్సు దారిగా ఓట్లు పడ్డాయి. ఆగస్టులో వెళ్తే కొండలంతా హెదర్ పూలతో ఊదారంగులో ఉంటాయి, పై అంతస్తులో ముందు సీటు దొరికితే బస్సు దిగబుద్ధి కాదు. 2025 జనవరి నుంచి ఇంగ్లండ్ బస్సుల్లో సింగిల్ టికెట్‌కు 3 పౌండ్ల గరిష్ఠ పరిమితి పెట్టారు. ఇంత దూరానికి అది చాలా చవక. రోజుకు కొన్ని బస్సులే, తిరుగు బస్సులు కూడా త్వరగా అయిపోతాయి. అందుకే విట్బీకి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయాలనుకునేవాళ్లు గడియారం చూసుకుంటూనే తిరగాలి.

ఆ ఊరు బాగుండేదేమో సరిగ్గా వాళ్లంతా వెళ్లిపోయాకే. హార్బర్ మీది వంతెన దాటి, 199 మెట్లెక్కి పైకి వెళ్తే శిథిలమైన ఆబీ. 657లో హిల్డ్ అనే సన్యాసిని ఆధ్వర్యంలో మొదలైన మఠం చోటది. ఈస్టర్ తేదీని ఎలా లెక్కించాలో 664లో తేల్చింది ఇక్కడే. ఇప్పుడు నిలబడి ఉన్న రాతి గోడలు చాలా తర్వాతివి. మెట్లెక్కలేని పెద్దవాళ్లుంటే బెంగ అక్కర్లేదు, వెనకవైపు నుంచి కారు వెళ్లే దారి ఉంది, టాక్సీ చెప్పుకుంటే సరి. ఇక్కడి తీరం ఉత్తరంవైపు తిరిగి ఉంటుంది కాబట్టి జూన్‌లో సూర్యుడు సముద్రంలోంచే లేచి సముద్రంలోనే మునుగుతాడు. తూర్పు తీరంలో ఇది అరుదు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక సముద్రంలోకి కట్టిన పియర్ మీద నిలబడి చూడాలంటే అక్కడే పడుకోవాలి మరి!

గెస్ట్‌హౌస్‌లు ఎక్కువగా వెస్ట్ క్లిఫ్ మీద పాత ఇళ్లలో ఉంటాయి. లిఫ్టులు ఉండవు. మాకు అటక గది ఇచ్చారు, సూట్‌కేసుతో ఇరుకు మెట్లెక్కేసరికి ప్రాణం పోయింది. బుక్ చేసేటప్పుడు ఏ అంతస్తో అడగండి. వేసవి వారాంతాల్లో ఒక్క రాత్రికి గది ఇవ్వం, రెండు రాత్రులు తీసుకోవాలనేవాళ్లు చాలామంది. బ్రేక్‌ఫాస్ట్ శాకాహారం కావాలంటే ముందురోజే చెబితే బాగానే చేస్తారు. ఇంకొకటి, యార్క్‌షైర్‌లో చాలా ఫిష్ అండ్ చిప్స్ (చేప, బంగాళదుంప వేపుడు) దుకాణాల్లో వేయించేది గొడ్డు కొవ్వులో. ‘చేప వద్దు, ఉత్త చిప్సే కదా’ అనుకోకుండా నూనె ఏమిటని అడగండి. మొహమాటం అక్కర్లేదు, వాళ్లకు అలవాటైన ప్రశ్నే. కొన్నవాటిని సీగల్స్ ఎత్తుకుపోకుండా కాపాడుకోవడం మీ వంతు.

మర్నాటికి పది కిలోమీటర్ల దూరంలోని రాబిన్ హుడ్స్ బే సరిపోతుంది. నిట్టనిలువు వీధి, కింద రాళ్ల తీరం, వెతికే ఓపిక ఉంటే అమ్మోనైట్ శిలాజాలు. తీరం వెంట నడవాలంటే మాత్రం ఆటుపోట్ల పట్టిక చూసే దిగండి. పోటు సమయం రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది, నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు. కొండచరియల కింద ఇరుక్కుంటే పైకి దారి ఉండదు. ఈత ఆశ పెట్టుకోకండి, ఆగస్టులో కూడా నీళ్లు 15 డిగ్రీల దగ్గరే.

డేల్స్ అనే లోయల్లోని పల్లెల గురించి తక్కువే చెబుతాను, కారు లేకుండా అక్కడ సుఖం తక్కువ. మాలమ్ కోవ్ దగ్గర ఎనభై మీటర్ల సున్నపురాయి గోడ అద్భుతమే. స్టేషన్ ఉన్న స్కిప్టన్ నుంచి బస్సులు మరీ పలుచన. రైలుతోనే కానివ్వాలంటే లీడ్స్ నుంచి సెటిల్-కార్లైల్ లైను పట్టుకుని రిబుల్‌హెడ్‌లో దిగండి. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే 24 కమానుల రైలు వంతెన. దిగేముందే తిరుగు రైలు టైమ్ ఫోటో తీసిపెట్టుకోండి, ఒకటి తప్పితే తర్వాతిదానికి చాలాసేపు గాలికి నిలబడాలి.

ఐదు నుంచి పదిహేనేళ్ల వయసు పిల్లలున్నవాళ్లు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు తీసుకుంటే పెద్దలకు మూడో వంతు, పిల్లలకు 60 శాతం తగ్గుతుంది. లండన్ నుంచి ఒక్కసారి వెళ్లొస్తేనే కార్డు ఖర్చు వచ్చేస్తుంది. అక్టోబర్ చివర్లో మాత్రం విట్బీ గది దొరకడం కష్టం, నల్ల దుస్తుల గోత్ (ఒక రకం రాక్ సంగీతం) అభిమానులు ఊరంతా నిండిపోతారు. చూడాలని ఉంటే నెలల ముందే బుక్ చేయండి, లేదంటే సెప్టెంబర్‌లోనే వెళ్లిరండి.