811ఏ స్థానంలో 572బి: ఆరేళ్ల వాడకం తరువాత

విజయవాడలో మా మేడ మీది గదిలో, నా హామ్ రేడియో సిగ్నలు బలాన్ని పెంచడానికి నేనే కట్టుకున్న గ్రౌండెడ్ గ్రిడ్ (ట్యూబు గ్రిడ్డును గ్రౌండుకు కలిపే పద్ధతి) ఆంప్లిఫయరును పదకొండేళ్లుగా నడుపుతున్నాను. మొదటి ఐదేళ్లు అందులో 811ఏ అనే వాక్యూమ్ ట్యూబుల జత ఉండేది, ఆ తరువాత 572బి ట్యూబుల జత వేశాను. రెండు రకాలకూ నాలుగు పిన్నుల బేసే, 6.3 వోల్టుల 4 ఆంపియర్ల ఫిలమెంటే (ట్యూబు లోపల వేడెక్కి ఎలక్ట్రాన్లనిచ్చే తీగ) కాబట్టి సాకెట్లను గానీ ట్రాన్స్‌ఫార్మరును గానీ ముట్టుకోవలసిన పని పడలేదు.

ట్యూబులు మార్చగానే పవర్ పెరుగుతుందని ఆశపడ్డాను. ప్లేటు (ట్యూబులో ఎలక్ట్రాన్లు వచ్చి చేరే లోహపు పలక) వోల్టేజి ఆ 1,500 దగ్గరే ఉన్నప్పుడు పెరగడానికి కారణమేముంది? వాట్‌మీటరు ముల్లు ఎప్పటిలాగే 300 వాట్ల దగ్గర ఆగింది. పెరిగినదల్లా ఓర్పు. 811ఏ ప్లేటు తట్టుకునే వేడి 65 వాట్లైతే, 572బి ప్లేటుది 160. 40 మీటర్ల బ్యాండులో ట్యూన్ చేస్తూ డిప్పు (ప్లేటు కరెంటు అతి తక్కువకు పడే చోటు) పట్టుకోవడానికి పది సెకన్లు ఆలస్యమైతే చాలు, 811ఏ ప్లేటు ఎర్రబారేది. అలాంటి ఒక రాత్రే గ్రిడ్డు (ఫిలమెంటుకూ ప్లేటుకూ మధ్య ఉండే సన్నని తీగల చుట్టు) ఫిలమెంటుకు తగిలి ఒక ట్యూబు పోయింది. ఆ తప్పు పూర్తిగా నాదే. 572బి వేశాక అంత ఆలస్యానికి ప్లేటు రంగు మారడం నేను చూడలేదు.

ఏ ట్యూబు ఎంచుకున్నా ఫిలమెంటు వోల్టేజిని మాత్రం సాకెట్టు పిన్నుల దగ్గరే కొలవాలి. మా వీధిలో రాత్రి పదకొండు దాటాక కరెంటు 250 వోల్టులకు చేరుతుంది, అప్పుడు 6.3 ఉండవలసిన చోట మీటరు 6.9 చూపింది. ఆ వెలుతురులో లాగ్‌బుక్ రాసుకోవచ్చు గానీ ట్యూబుల ఆయుష్షు తరిగిపోతుంది. ఫిలమెంటు ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీలో 100 ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరును ఒక స్విచ్చుతో కలిపాను. రాత్రిపూట దాన్ని వేస్తే వోల్టేజి సరిగ్గా 6.3కు దిగుతుంది, పగలు తీసేస్తాను.

ఇంకా పెద్ద ట్యూబైన 3-500జెడ్ గురించి కూడా ఆలోచించకపోలేదు. అయితే 5 వోల్టుల దగ్గర పద్నాలుగు ఆంపియర్లకు పైగా లాగే ఆ ఫిలమెంటుకూ, దానికి తప్పనిసరైన బ్లోయరుకూ (గాలి ఊది చల్లబరిచే ఫ్యాను) అయ్యే ఖర్చు, 400 వాట్ల పరిమితి ఉన్న నా జనరల్ గ్రేడు హామ్ లైసెన్సుకు దండగ అనిపించింది.

572బితో నాకున్న చిక్కల్లా 28 మెగాహెర్ట్జ్ దగ్గరే: న్యూట్రలైజేషన్ (ట్యూబు అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు తిరిగి చేరే సిగ్నలును రద్దుచేసే ఏర్పాటు) లేని నా సెట్టులో అక్కడ ఆసిలేషన్ (ఆంప్లిఫయరు తనంతట తానే సిగ్నలు పుట్టించడం) మొదలవుతుంది, కాబట్టి ఆ బ్యాండులో ఆంప్లిఫయరును ఆపేసి ఉత్త ట్రాన్స్‌సీవరుతోనే (సిగ్నలు పంపి, అందుకునే రేడియో సెట్టు) మాట్లాడుతున్నాను.