జాగ్రత్త: 'మూడో సీజన్ కూడా ఉంది' అనే యాడ్ చూసి డబ్బు పంపకండి

జైల్లో ఉన్న హంతకులతో ఎఫ్‌బీఐ వాళ్ళు కూర్చుని మాట్లాడే నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 'మైండ్‌హంటర్'కి మూడో సీజన్ లేదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా 'సీజన్ 1 నుంచి 3 వరకు, కంప్లీట్ సెట్' అని రాసి ఉన్న యాడ్ చూసి ₹3,200 పంపించాను. అందుకే ఈ పోస్టులో సగం ఆ అమ్మినవాడి మీద ఫిర్యాదు, మిగతా సగం నాకు నేను వేసుకుంటున్న అక్షింతలు.

రాత్రి పడుకునే ముందు ఫోన్ చూస్తుంటే తగిలిన యాడ్ అది. హెచ్‌బీఓ అనే అమెరికా చానెల్ తీసిన ఫాంటసీ సిరీస్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఎనిమిది సీజన్లూ ఒకే బ్లూరే డిస్కుల పెట్టెలో, దానితో పాటు మైండ్‌హంటర్ మూడు సీజన్లూ ఉచితం. ఒరిజినల్, సీల్డ్, ఆల్ రీజియన్ అని పెద్ద అక్షరాలు. ఫొటోలో పెట్టె నీలం పూల టేబుల్ గుడ్డ మీద పెట్టి ఉంది. ఆ టేబుల్ గుడ్డ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఎలా నమ్మావు అని మీరు అడగొచ్చు. మైండ్‌హంటర్ చూసినవాళ్ళు అడగరు. 2017లో పది ఎపిసోడ్లు, 2019లో తొమ్మిది, అంతే, ఆగిపోయింది. చాలా ఎపిసోడ్ల మొదట్లో ఓ నిమిషమో రెండు నిమిషాలో ఒక మీసాల మనిషి కనిపిస్తుంటాడు. ఇళ్ళకి అలారాలు బిగించే ఉద్యోగం చేసుకుంటూ, చాలా మామూలుగా. బీటీకే అని పేరుపడ్డ హంతకుడు వాడు. నిజ జీవితంలో పోలీసులకి 2005లో గానీ దొరకలేదు. సిరీస్‌లో కథ 1980ల మొదట్లోనే ఆగిపోయింది కాబట్టి వాడు అలా తిరుగుతూనే ఉండిపోయాడు. పెట్టిన ఖర్చుకి తగ్గట్టు జనం చూడలేదని, ఇక అయిపోయినట్టేనని దర్శకుడు డేవిడ్ ఫించర్ 2023లో చెప్పేశాడు. అది చదివాను, బాధపడ్డాను, మర్చిపోలేదు. అయినా ఆ యాడ్ చూడగానే 'ఏమో, ఎక్కడైనా చడీచప్పుడు లేకుండా తీశారేమో' అని ఒక్క క్షణం అనిపించింది. ఆ అమ్మేవాడు బేరం పెట్టింది సరిగ్గా ఆ ఒక్క క్షణం మీదే.

'ఈ రోజుల్లో డిస్కులెవరు కొంటారు బావా' అని మా బావమరిది నవ్వాడు. దానికి నా దగ్గర రెండు కారణాలున్నాయి. ఒకటి, 2023 మార్చి 31తో హెచ్‌బీఓ సిరీస్‌లన్నీ మన దేశంలో అప్పటిదాకా ఉన్న యాప్‌లోంచి వెళ్ళిపోయాయి. కొన్ని వారాలకి ఇంకో యాప్‌లో తేలాయనుకోండి. కానీ ఏడాది చందా కట్టి, సగం చూసిన సిరీస్ కోసం వెతుక్కోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

రెండో కారణం చీకటి. సైకలాజికల్ థ్రిల్లర్, భారీ ఫాంటసీ రెండూ పైకి ఎంత వేరుగా కనిపించినా, నన్ను కూర్చోబెట్టేది మాత్రం రెండింట్లోనూ చీకటే. ఒకదాంట్లో మనిషి తల లోపలి చీకటి, ఇంకోదాంట్లో కోట గోడ అవతలి చీకటి. ఆ నలుపు టీవీలో నలుపుగా కనిపించాలి. స్ట్రీమింగ్‌లో డేటా బాగా కుదించి పంపిస్తారు కాబట్టి ముందు దెబ్బతినేది నలుపే, బూడిద రంగు చదరాలుగా విడిపోతుంది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి సీజన్ మూడో ఎపిసోడ్ మీకు గుర్తుండే ఉంటుంది. 82 నిమిషాల రాత్రి యుద్ధం, 55 రాత్రుళ్ళు షూట్ చేశారు. 2019 ఏప్రిల్‌లో సోమవారం ఉదయం ఆరున్నరకి అలారం పెట్టుకుని లేచి మరీ చూశాను. ఎవరు ఎవరిని పొడుస్తున్నారో ఒక్క ముక్క కనబడలేదు. మా ఆవిడ కాఫీ ఇవ్వడానికొచ్చి 'టీవీ పాడైందా' అంది. అమెరికాలోనూ ఇదే గోల, తీసిన కెమెరామన్ మాత్రం మీ టీవీ సెట్టింగులే సరిగ్గా లేవన్నాడు. అప్పుడే అనుకున్నాను, ఎప్పటికైనా దీన్ని డిస్కులో చూడాలని.

(ఆఖరి సీజన్ కథ గురించి నాతో వాదనకి రాకండి. ఏడో సీజన్‌కి ఏడు ఎపిసోడ్లు, ఎనిమిదో దానికి ఆరు. ముందు సీజన్లలో ఒక్క ప్రయాణానికి నాలుగైదు ఎపిసోడ్లు పట్టేది, చివర్లో దూరాలన్నీ బెజవాడ నుంచి గుంటూరు వెళ్ళొచ్చినంత అయిపోయాయి. ఇంతకంటే మాట్లాడను.)

పార్సిల్ వారానికి వచ్చింది. పెట్టె చేతిలోకి తీసుకోగానే మనసు కీడు శంకించింది, మరీ తేలిగ్గా ఉంది. అట్ట మీద బొమ్మ మసగ్గా, ఫోన్‌లో తీసిన ఫొటోని పెద్దది చేసినట్టు. వెనక అక్షరాలు భూతద్దం పెట్టినా చదవలేం. లోపల గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి పది డిస్కులు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. మొత్తం 73 ఎపిసోడ్లు, దాదాపు 70 గంటలు. పది డిస్కులంటే ఒక్కోదాంట్లో ఏడు గంటలు. లాప్‌టాప్ డ్రైవ్‌లో పెట్టి చూస్తే ఒక్కోటి 25 జీబీ డిస్కు. అంటే ఒక్కో సెకను వీడియోకి దొరికే డేటా ఎనిమిది మెగాబిట్ల లోపే. బ్లూరే పద్ధతిలో వీడియోకి 40 మెగాబిట్ల వరకు వాడుకోవచ్చు. ఏ చదరాల నుంచి పారిపోవడానికి ₹3,200 పోశానో, అవే చదరాలు డిస్కు మీద నాకు ఇంటికొచ్చాయి. రాత్రి యుద్ధం పెట్టి చూశాను. మా ఆవిడ ఈసారి ఏమీ అనలేదు, నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళింది.

బొమ్మ సంగతి సరే. అసలు మోసం గేమ్ ఆఫ్ థ్రోన్స్ మూడో సీజన్‌కి వచ్చాక బయటపడింది. అస్తాపోర్ ఊళ్ళో బానిసల వ్యాపారి, డ్రాగన్లున్న రాణి డెనేరిస్‌తో బేరమాడే సీన్లు ఉన్నాయి కదా. వాడు తన వలేరియన్ భాషలో ఆమెని నోటికొచ్చినట్టు తిడుతుంటాడు, పక్కనున్న దుబాసీ పిల్ల మిస్సాండే ఆ తిట్లన్నీ మర్యాదగా మార్చి చెబుతుంటుంది. తిట్లేమిటో కింద సబ్‌టైటిల్స్‌లో మనకి తెలుస్తాయి. నాలుగో ఎపిసోడ్‌లో అది తన మాతృభాషేనని డెనేరిస్ బయటపెట్టినప్పుడు ఒళ్ళు జలదరించేది అందుకే. నాకొచ్చిన డిస్కులో ఆ సబ్‌టైటిల్స్ లేనే లేవు. వాడు ఏదో గొణుగుతాడు, ఆ అమ్మాయి మర్యాదగా చెబుతుంది, ఉన్నట్టుండి డ్రాగన్ నిప్పు కక్కుతుంది. మొదటిసారి చూస్తున్న మా బావమరిది 'పాపం ఆ వ్యాపారి ఏం చేశాడు' అని అడిగాడు. డోత్రాకీ అనే ఇంకో కల్పిత భాష మాటలదీ ఇదే గతి. ఆ భాషలకి వ్యాకరణం, పదాలు అల్లడానికి డేవిడ్ పీటర్సన్ అనే భాషావేత్తని పెట్టుకున్నారు. అంత కష్టమూ ఈ కాపీ వేసిన మహానుభావుడు ఒక్క టిక్కు పెట్టడం మర్చిపోవడంతో గోదాట్లో కలిసింది.

ఇక మైండ్‌హంటర్. మాట పెదవి కంటే అర సెకను వెనక వస్తోంది. ఫాంటసీలో కత్తి చప్పుడు కాస్త ఆలస్యమైనా సర్దుకోవచ్చు. ఈ సిరీస్‌లో మాత్రం ఉన్నదల్లా ఒక బల్ల, రెండు కుర్చీలు, మాటలు. జైల్లో ఎడ్ కెంపర్ నింపాదిగా, పక్కింటాయన పెన్షన్ గురించి మాట్లాడినట్టు తను చేసిన హత్యల గురించి చెబుతుంటాడు. ఎక్కడ ఆగాడు, ఏ మాటకి ఎదుటివాడి కన్ను కదిలింది అన్నదాంట్లోనే భయమంతా ఉంది. ఆ భయం అర సెకను పక్కకి జరిగితే డబ్బింగ్ సీరియల్ అయిపోతుంది. మరి 'మూడో సీజన్' అన్న డిస్కు? రెండో సీజన్ మొదటి మూడు ఎపిసోడ్లే, పేర్లు మార్చి పెట్టాడు. రెండో సీజన్ కథ జరిగే అట్లాంటా ఊరు వచ్చేదాకా నేను ఆశగా చూస్తూనే ఉన్నాను, అది ఎవరికీ చెప్పకండి.

వాడికి మెసేజ్ పెట్టాను. 'అన్నా, సీల్ తీసేశాక రిటర్న్ ఉండదు' అన్నాడు. సీల్ తీయకుండా లోపలేముందో ఎలా తెలుస్తుంది తమ్ముడూ అంటే, 'మీ ప్లేయర్ పాతదేమో చెక్ చేసుకోండి' అన్నాడు. మూడో సీజన్ సంగతి అడిగాక బ్లాక్ చేశాడు. డబ్బు నేనే పిన్ కొట్టి యూపీఐలో పంపాను కాబట్టి తమ చేతుల్లో లేదని బ్యాంకు వాళ్ళు తేల్చేశారు. పార్సిల్ విప్పుతూ వీడియో తీయలేదు, అది ఇంకో తప్పు.

మీలో ఎవరికైనా డిస్కుల పిచ్చి ఉంటే ఇవి మాత్రం చూసుకోండి. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కుకి కింది వైపు మధ్య రింగు దగ్గర సన్నటి కోడ్ నంబర్లు, బార్‌కోడ్ లాంటి గీతలు ఉంటాయి. ఇంట్లో రాసిన డిస్కుకి కింది వైపు రెండు ఛాయలు కనిపిస్తాయి, రాసినంత మేర ఒక రంగు, ఖాళీ ఉన్నంత మేర ఇంకో రంగు. లాప్‌టాప్ డ్రైవ్‌లో పెడితే బీడీ-ఆర్ (ఇంట్లో రాసుకునే బ్లూరే) అని తనే చెప్పేస్తుంది. బ్లూరేలకి రీజియన్లు కూడా ఉన్నాయి, ఒక రీజియన్ డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. అమెరికా ఏ, యూరప్ బీ, మనది సీ. ఆల్ రీజియన్ ఒరిజినల్స్ ఉంటాయి గానీ, ఊరూపేరూ లేని పేజీలో ఆ మాట అంత పెద్ద అక్షరాల్లో ఉంటే అనుమానించండి. యాప్‌ల కోసమే తీసిన సిరీస్‌లు చాలావాటికి డిస్కులే రావు కాబట్టి, ముందు నిర్మాణ సంస్థ ఆ డిస్కు విడుదల చేసిందో లేదో చూడండి. ఎన్ని సీజన్లు, ఎన్ని ఎపిసోడ్లు, ఎన్ని డిస్కులు అని అమ్మేవాణ్ణి ముందే అడగండి, గంటల లెక్క మీరే వేసుకోండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు పేరు, అడ్రస్, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపించాలి. నేను కొన్న పేజీలో ఒక వాట్సాప్ నంబరు తప్ప ఏమీ లేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది. సైబర్ క్రైమ్ 1930కి కూడా చేశాను. డబ్బు పోయిన వెంటనే చేస్తే అవతలి ఖాతా ఆపే అవకాశం ఎక్కువ ఉండేదట, నేను పార్సిల్ వచ్చిన పన్నెండో రోజున చేశాను. ఎందుకంటే ఆ పన్నెండు రోజులూ సబ్‌టైటిల్స్ నా రిమోట్‌లోనే ఎక్కడో ఉన్నాయని వెతుకుతున్నాను.

మొన్న ఆదివారం అదే యాడ్ మళ్ళీ కనిపించింది. పేజీ పేరు మారింది, నంబరు మారింది, ధర ₹2,800కి దిగింది. పెట్టె కింద అదే నీలం పూల టేబుల్ గుడ్డ. మైండ్‌హంటర్ ఇప్పుడు సీజన్ 1 నుంచి 4 వరకు ఉందట.