పాలమూరు కుక్కల షెల్టర్: మూడు సార్లు పోయొచ్చినంక నా రివ్యూ (5కి 4 స్టార్లు)

ముందుగాల్నే చెప్తున్న, షెల్టర్ పేరు రాయట్లేను, ఏ రోడ్డుకి ఉందో కూడ చెప్పను. పేరు లేకుండ ఇదేం రివ్యూ అని తిట్టుకోకుర్రి, వాళ్ళే బతిలాడిన్రు వద్దని. ఇంతకుముందు ఎవరో మంచి మనసుతోనే ఫొటోలు, లొకేషన్ అన్ని పెట్టిన్రంట, వారం తిరగక ముందే పొద్దున గేటు తీస్తే అట్టడబ్బల కండ్లు తెర్వని కుక్కపిల్లలు ఆరు, ఇంకో రోజు గేటుకి నైలాన్ తాడుతోని కట్టేసి పోయిన ముసలి లాబ్రడార్, మెడల బెల్టు కూడ ఉండె దానికి. అట్ల వదిలేసి పోవుడు జంతువుల్ని హింస పెట్టొద్దనే 1960 చట్టం ప్రకారం నేరమే, కాని మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, మన బజ్జీల ప్లేటు అంత, ఎవరు భయపడ్తరు చెప్పుర్రి. అడ్రస్ తెలిస్తే తీస్కపోయేటోళ్ళ కన్న వదిలిపోయేటోళ్ళే ఎక్కువ వస్తరు అన్నరు. నిజంగ కావాల్సినోళ్ళు పశువుల దవాఖానల అడుగుర్రి, చెప్తరు.

ఇగ ముచ్చటకొస్తే, మా వాడు నాలుగో తరగతి, రెండేండ్ల సంది ఒకటే పాట, కుక్కపిల్ల కావాలె కుక్కపిల్ల కావాలె. మా ఆయనకి పోలేపల్లి సెజ్‌ల షిఫ్ట్ డ్యూటీ, ఇంట్ల ఉండేదే తక్కువ కాబట్టి "తెచ్చుకోర్రి, నాదేముంది" అన్నడు (అవును, చూస్కునేది నేనే కదా). కొందామంటే బ్రీడ్ పిల్లలు వేలకి వేలు. మా స్కూల్ల ఒక మేడం హస్కీ తెచ్చింది, పాలమూరు ఎండలకి హస్కీ! అది మంచు దేశపు కుక్క, మార్చి నెల వచ్చిందంటే ఏసీ రూంల నుంచి బయటికి రాదు, కరెంటు బిల్లు చూసి ఆమె మొఖం చూడాలె. అందుకే షెల్టర్‌కి పోదాం, ఊరకుక్కనే తెచ్చుకుందాం అని ఒక ఆదివారం నేను, మా వాడు స్కూటీ మీద పోయినం.

పోంగనే వాసన. అబద్ధం ఎందుకు చెప్పాలె, వాసన ఉంటది, మొరుగుడు చెవులు పగిలేటట్టు ఉంటది, పది నిమిషాలైతే రెండు అలవాటైతయి. రేకుల షెడ్డు, జాలి కొట్టిన రూములు, బయట వేపచెట్టు కింద కట్టెల పొయ్యి మీద పెద్ద గుండు గిన్నెల నూకలు, కోడి మెడలు, పసుపు వేసి ఉడుకుతున్నయి. నేల మాత్రం కడిగి ఉంది, నీళ్ళ తొట్లల్ల పాచి లేదు. నేను హోటల్‌కి పోయినా ముందు చేతులు కడిగే కాడ చూస్త, అది మంచిగుంటే లోపల కూడ మంచిగుంటదని నా లెక్క.

అయితే మాకు ఆ రోజు కుక్కని ఇయ్యలే. వట్టి చేతులతోని పంపిన్రు.

నాకు ఎంత కోపమొచ్చిందో. ఫ్రీగ తీస్కపోతా అంటుంటే ఇయ్యరా? పైగా ఎంక్వయిరీ చూడాలె, పిల్లనిచ్చేటోళ్ళు కూడ అంత అడగరు. సొంత ఇల్లా కిరాయా, కిరాయైతే ఓనర్ ఒప్పుకున్నడని రాసిస్తరా, కాంపౌండ్ గోడ ఎంత ఎత్తుంది, ఇంట్ల ఎవరికన్న ఆస్తమా ఉందా, పగలంత కట్టేస్తరా, సంక్రాంతికి ఊరు పోతే ఎవరికి అప్పజెప్తరు, కురుమూర్తి జాతరకి పోతే ఎట్ల. జాతర సంగతి వాళ్ళకెందుకు అనుకున్న. తర్వాత తెలిసింది, దీపావళి పటాకుల చప్పుడుకి బెదిరి ఉరికినవి, జాతరల టైంల ఇల్లు తాళమేసి పోతే గోడ దుంకినవి, ఆ సీజన్‌ల మస్తు వస్తయంట వాళ్ళ కాడికి. అన్నిటికి జవాబు చెప్పిన, ఆఖరికి "ఇంట్ల పెద్దోళ్ళు ఎవరున్నరు" అంటే మా అత్తమ్మ అన్న. "ఆమెను కూడ తోల్కరా అమ్మా, ఇంట్ల అందరు చూసినంకనే ఇస్తం" అన్నడు అక్కడ చూస్కునే తాత. మా వాడు దారంత ఏడుపు.

అత్తమ్మని ఒప్పించుడు ఇంకో కథ. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊర్ల ఒకాయనకి పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టు 14 సూదులు పొడిచిన్రని, ఆ భయం ఇప్పటికి పోలే. అత్తమ్మా, ఆ పాత మందు మన దేశంల బంద్ పెట్టి 20 ఏండ్లయింది, ఇప్పుడు చేతికే వేస్తరు, గవర్నమెంట్ దవాఖానల పైసలు తీస్కోరు, అన్న. అయినా నమ్మలే. మళ్ళ ఆదివారం మా ఆయన బండి తీస్తే నలుగురం పోయినం, అక్కడ డాక్టర్ మేడం ఆమెని కుర్చీల కూసోబెట్టి మంచిగ చెప్పింది: పెంచుకునే కుక్కకి మూడో నెల సంది ఏటా రేబీస్ టీకా వేయిస్తే భయం లేదు, ఎప్పుడన్న ఏ కుక్కన్న గీకినా కరిచినా పసుపు, కారం, సున్నం అద్దకుండ 15 నిమిషాలు నల్లా కింద సబ్బుతోని కడగాలె, అదే రోజు దవాఖానకి పోవాలె, ఎందుకంటే రేబీస్ లక్షణాలు బయటపడ్డంక మందు లేదు. అత్తమ్మ అంత విని "మరి ఇంట్ల బొచ్చు రాలదా" అంది. అంటే ఒప్పుకున్నట్టే, నాకు తెల్వదా ఆమె సంగతి.

మా వాడు సక్కగ చిన్న కుక్కపిల్లలున్న దిక్కు ఉరికిండు. ఆ రూం కాడ తాడు కట్టి ఉంది, లోపలికి పోనీయరు. పిల్లలకి పార్వో అని ఒక రోగమొస్తదంట, వాంతులు, రక్తం విరేచనాలు, రెండు మూడు రోజులల్లనే పోతయి. మన చెప్పులకి అంటుకొని కూడ వస్తది, నేలల నెలల తరబడి ఉంటది, అందుకే గేటు కాడ బ్లీచింగ్ నీళ్ళ ట్రే పెట్టిన్రు, అండ్ల చెప్పులు తొక్కి పోవాలె. నేను మొదటిసారి పోయినప్పుడు ఆ ట్రే పక్కకెల్లి దాటి పోయిన, సిగ్గయింది తర్వాత. పిల్లలకి ఆరు ఎనిమిది వారాల కాడ మొదలుపెట్టి నాలుగు నెలలు నిండేదాక మూడు నాలుగు వారాలకొక టీకా పడాలె, టీకాలన్ని అయినంకనే బయట నేల మీద తిప్పాలె. బజార్ల పిల్ల దొరికింది కదా అని తెచ్చుకొని రెండో రోజే కాలనీ అంత తిప్పేటోళ్ళు ఇది జర చదవాలె.

పిల్లకి పొద్దంత నాలుగు సార్లు తిండి, రాత్రి మూడు సార్లు లేసుడు, ఇద్దరు ఉద్యోగాలకి పోయే ఇంట్ల ఎట్ల అయితదమ్మా, అని తాత మమ్మల్ని పక్క రూంకి తీస్కపోయిండు. అక్కడ ఉంది జొన్నమ్మ.

నాలుగేండ్లుంటయంట. జొన్నరొట్టె రంగు, అక్కడక్కడ పెనం మీద మాడినట్టు నల్ల మచ్చలు, అందుకే తాత ఆ పేరు పెట్టిండు. ఎన్ని సార్లు ఈనిందో ఏమో పొదుగు వేలాడుతుంది, చెవి కొస కొంచెం కోసి ఉంది, పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ అయినట్టు గుర్తు అది. ఎవ్వరు తీస్కపోతలేరంట దాన్ని, అందరికి బుజ్జి పిల్లలే కావాలె, ఫొటోలకి మంచిగుంటయి కదా. మేం పోతే మొరగలే, దగ్గరికి రాలే, మా అత్తమ్మ చీర కుచ్చిళ్ళు వాసన చూసి పోయి గోడకి కూసుంది. మా వాడి మొఖం చిన్నగయింది. అత్తమ్మే అంది, "దీనికి మర్యాద తెలుసు, ఇది చాలు" అని.

కుక్కకి పైసలు తీస్కోలే. ఆధార్ జిరాక్స్, ఒక ఫారం, టీకాల కార్డు చేతికిచ్చిన్రు. కుక్కపిల్లల్ని తీస్కపోయేటోళ్ళ కాడ మాత్రం వెయ్యి రూపాయలు డిపాజిట్ పెట్టించుకుంటరు, వయసొచ్చినంక ఆపరేషన్‌కి తెస్తే తిరిగి ఇస్తరు. మంచి పద్ధతి అనిపించింది నాకు.

ఇంటికొచ్చినంక రెండు రోజులు మెట్ల కిందనే, అన్నం ముట్టలే. మా వాడు దాని ముంగట కూసొని బిస్కెట్లు చూపిస్తుంటే ఇంక లోపలికి జరిగింది. తాతకి ఫోన్ చేస్తే "గిన్నె పెట్టి అందరు లోపలికి పోర్రి, దాన్ని చూడకుర్రి" అన్నడు. అట్లనే చేస్తే రాత్రి ఎప్పుడో తినేసింది, గిన్నె నాకి నాకి తళతళ మెరిసేటట్టు చేసింది. మూడు వారాలకి మా అందరి స్కూటీల చప్పుడు తెలిసింది. గడప మాత్రం ఇప్పటికి దాటదు, జీవితంల ఎవరో ఒకరు కట్టెతోని కొట్టి ఉంటరు లోపలికొస్తే. ఎంత పిలిచినా గడప మీద గదవ పెట్టి పండుకుంటది, అంతే. అత్తమ్మ రొట్టె చేసేటప్పుడు మొదటి రొట్టె మాడితే మా ఆయనకేసేది ఇన్నేండ్లు, ఇప్పుడు మాడనిది దానికేస్తుంది, మాడింది ఆయనకే.

ఇప్పుడు ఒక స్టార్ ఎందుకు కట్ చేసిన్నో చెప్త. ఫోన్ ఎత్తరు, పదిసార్లు చేస్తే ఒక్కసారి. ఉన్నది నలుగురు, చేతినిండ పని ఉంటది అర్థమైతది, కాని కనీసం మెసేజ్‌కన్న జవాబియ్యాలె కదా. వాన పడితే దారి బురదే, కారు కష్టం. పెద్దది ఏందంటే రసీదు. స్కానర్ మీద పైసలేస్తే ఒక మనిషి పేరు వచ్చింది, సంస్థ పేరు కాదు, నాకు డౌటొచ్చి గట్టిగనే అడిగిన. రెండు వారాలకి రసీదు పంపిన్రు, ఇప్పుడు స్కానర్ కూడ మార్చిన్రు, అయినా దానం అడిగేటోళ్ళు లెక్క ముందే చూపియ్యాలె. మీరు కూడ ఎక్కడిచ్చినా దానం మీద ట్యాక్స్ మినహాయింపు వచ్చే రసీదు (80జి అంటరు) ఉందా అని అడుగుర్రి. నగదు 2,000 దాటి ఇస్తే ఆ మినహాయింపు రాదు, కొత్త ట్యాక్స్ పద్ధతి తీస్కున్నోళ్ళకి అసలుకే రాదు, అది చూస్కొని ఇయ్యుర్రి. ఇంకోటి, జొన్నమ్మకి చెవుల్ల గోమార్లు ఉండె, ఇంటికొచ్చినంక చూసినం, తీస్కపోయే ముందు వాళ్ళే చూసి మందు పెట్టాల్సింది. ఫోన్ల చెప్తే సారీ చెప్పి మందు పంపిన్రు, టిక్ ఫీవర్ టెస్ట్ కూడ చేయించినం, ఏం లేదు.

కుక్కని తెచ్చుకునే వీలు లేనోళ్ళు వస్తువులు ఇయ్యొచ్చు, కాని ఏది పడితే అది మూట కట్టి తీస్కపోకుర్రి. మొన్న ఎవరో ఫంక్షన్ హాల్ నుంచి మిగిలిన బిర్యానీ బకెట్లు తెచ్చిన్రు, మంచి మనసే, కాని ఉడికిన బొక్కలు పగిలి పేగులకి గుచ్చుకుంటయి, ఉల్లిగడ్డ కుక్కలకి విషం లెక్క, మొత్తం పారబోసిన్రు. పాత దుప్పట్లు, గోనె సంచులు, న్యూస్ పేపర్లు, నూకలు, గుడ్లు, బ్లీచింగ్ పౌడర్ ఇవి కావాలె వాళ్ళకి. ఫినాయిల్ వద్దంటరు, పిల్లులకి పడదు. పిల్లులు కూడ ఉన్నయి ఏడెనిమిది, ఎవ్వరు అడగరు వాటిని, ఎదురొస్తే అపశకునమని మనోళ్ళకి ఇంకా ఉంది కదా. టైం ఉన్నోళ్ళు పోయి ఒక గంట కుక్కల్ని తిప్పినా చాలు. మనుషుల చేతికి అలవాటైన కుక్కనే ఎవరన్న తీస్కపోతరు, కాబట్టి అది కూడ సాయమే.

తక్కువ రేటింగ్ ఇచ్చినోళ్ళు ఎక్కువ మంది రాసేది ఏందంటే, మా గల్లీ కుక్కల్ని తీస్కపొమ్మంటే రాలే అని. అయ్యా, అది వాళ్ళ పని కాదు. కుక్కల సంఖ్య పెరగకుండ కేంద్రం తెచ్చిన 2023 రూల్స్ ప్రకారం వీధి కుక్కని పట్టుకుంటే ఆపరేషన్ చేసి టీకా వేసి అదే గల్లీల వదలాలె, చేయించే బాధ్యత మున్సిపాలిటీ వాళ్ళది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడ ఢిల్లీ కేసుల అదే చెప్పింది, రేబీస్ ఉన్నవి, మీదికొచ్చేవి తప్ప మిగతావి ఎక్కడివక్కడ్నే అని. అదే ఏడాది నవంబర్ల మాత్రం స్కూళ్ళు, దవాఖానలు, బస్టాండ్ల అసొంటి జాగలల్ల పట్టినవి మళ్ళ అక్కడ వదలొద్దన్నది. ఊరికే ఎత్తుకపోయి ఎక్కడ్నో పడేస్తే ఆ జాగల పక్క గల్లీవి వస్తయి, టీకా లేనివి, ఆపరేషన్ కానివి. పిల్లల తల్లిదండ్రుల భయం నాకు తెలుసు, నాకు కూడ పిల్లగాడున్నడు. కాని ఆ భయంతోని ఏం చేస్తరో కూడ చూసినం కదా, 2024 ఫిబ్రవరిల మన జిల్లా పొన్నకల్‌ల రాత్రిపూట వచ్చి తుపాకితోని 20 దాకా కుక్కల్ని కాల్చి పోయిన్రు. ఆ ముచ్చటొస్తే తాత ఇప్పటికి మాట్లాడడు, లేచి పొయ్యి కాడికి పోతడు.

పోయిన ఆదివారం గోనె సంచులియ్యనీకి మళ్ళ పోయినం, జొన్నమ్మని తీస్కపోలే, మళ్ళ వదిలేస్తున్నమని అనుకుంటదేమో అని. ఇప్పుడు ఇయ్యనీకి రెడీ ఉన్నవి చెప్త. తెల్లది ఒకటి, ఏడాదిన్నర, మస్తు దుంకుతది, గోడ ఎత్తున్న ఇల్లు కావాలె. అక్కాచెల్లెండ్లు రెండు నల్లవి, వేరు చేస్తే అన్నం తినయి, ఇద్దరిని కలిపే ఇస్తరు. ఒంటికన్ను పిల్లి, చంటి పిల్లలున్న ఇంటికియ్యరు. ఇగ ఆ ముసలి లాబ్రడార్ ఇంకా అక్కడ్నే ఉంది. నడుములు పోయినయి, మెట్లెక్కలేదు, కింది పోర్షన్ ఉన్నోళ్ళు మాత్రమే అడుగుర్రి. తోల్కపోనీకి బట్ట బెల్టు మీరే తెచ్చుకోర్రి, నైలాన్ తాడు చేతుల కనిపిస్తే అది లేవదు.