స్పీడ్‌ఫ్యాన్: మూడేళ్ల నిశ్శబ్దం, మూడు రోజుల మెలిక

స్పీడ్‌ఫ్యాన్ అంటే విండోస్‌లోంచే కంప్యూటర్ ఫ్యాన్ల వేగాన్ని తగ్గించి పెంచే సాఫ్ట్‌వేర్. ఇది నాకు నచ్చింది ఒకే ఒక్క కారణానికి. చప్పుడు పోయింది. దాంట్లో ఉష్ణోగ్రతల గ్రాఫులున్నాయి, హార్డ్‌డిస్క్ ఆరోగ్యం చూపించే ట్యాబ్ ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. మూడేళ్లలో వాటి జోలికి నేను పోయింది రెండు మూడు సార్లే.

నా డెస్క్‌టాప్ కోర్ 2 డ్యుయో కాలం నాటిది. ఈ7400 ప్రాసెసర్, జీ31 మదర్‌బోర్డు, విండోస్ 7. ర్యామ్ పెంచి, ఎస్ఎస్‌డీ వేశాక పని బాగానే చేస్తోంది. ఫ్యాన్‌తోనే గొడవ. స్విచ్ వేసింది మొదలు ఆపేదాకా ఒకటే హోరు. విండోస్ కంటే ముందు మెషిన్‌ని లేపే బయాస్‌లో ఫ్యాన్ సెట్టింగ్ ఉందిగానీ దానికి తెలిసినవి ఆన్, ఆఫ్ రెండే. ఆన్ చేసినా ఫ్యాన్ నిమిషానికి రెండు వేల చుట్లకు దిగేది కాదు. పాత వీడియో క్యాసెట్లను ఫైళ్లుగా మార్చే పని పెట్టుకున్నాను కాబట్టి ఆ మెషిన్ రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. పైగా అది ఉన్న గదిలోనే మా చెల్లి పడుకుంటుంది.

స్పీడ్‌ఫ్యాన్ సరిగ్గా కుదిరిన మొదటి రాత్రి చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "అన్నయ్యా, కంప్యూటర్ ఆపేశావా? వీడియో సగంలో ఉందన్నావుగా." నడుస్తోందే అంటే నమ్మలేదు. లేచి వచ్చి మానిటర్ వేసి చూసుకుని వెళ్లింది. అప్పుడే దీనికి అయిదు నక్షత్రాలు ఇచ్చేసి ఉండేవాణ్ణి. ఇవ్వకపోవడమే మంచిదైంది.

ఇన్‌స్టాల్ చేయడం గురించి చెప్పడానికేం లేదు, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే ఎక్కిపోతుంది. అసలు తిప్పలు తెరిచాక. మొదటి స్క్రీన్ మీదే టెంప్1, టెంప్2, టెంప్3 అని వరస, వాటిలో ఒకదాని పక్కన నిప్పు బొమ్మ, 127 డిగ్రీలు! గుండె జారిపోయింది. నిజంగా అంత వేడుంటే మెషిన్ ఎప్పుడో ఆగిపోయి ఉండాలి కదా అన్న ఆలోచన కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆ సెన్సార్‌కు అవతల ఏమీ తగిలించి లేదు, అంతే. ఏ అంకె దేనిదో తేల్చుకోవడానికి నేను చేసిన పని: బరువైన వీడియో ఒకటి మార్చడానికి పెట్టి, ఏ అంకె గబగబా పైకి పోతోందో చూశాను. అది ప్రాసెసర్. కాన్ఫిగర్‌లోకి వెళ్లి, ఎఫ్2 నొక్కి పేరు మార్చుకున్నాను. పనికిరాని 127ను కనబడకుండా చేసేశాను.

తరవాత ఫ్యాన్ మాట వినదు. శాతం తగ్గిస్తాం, చుట్లు తగ్గవు. చాలామంది ఇక్కడే విసిగిపోయి తీసేస్తారని నా అనుమానం. కాన్ఫిగర్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లి, పైనున్న జాబితాలో మన బోర్డు చిప్‌ని ఎంచుకోవాలి. నాది ఐటీఈ ఐటీ8718ఎఫ్. అక్కడ పీడబ్ల్యూఎం మోడ్‌ని, అంటే ఫ్యాన్ వేగాన్ని ఎవరు నడపాలో చెప్పే సెట్టింగ్‌ని, 'సాఫ్ట్‌వేర్ కంట్రోల్డ్' అని మార్చాలి. కింద 'రిమెంబర్ ఇట్' అని చిన్న టిక్కు పెట్టే గడి ఉంటుంది, దాన్ని మరిచిపోకూడదు. నేను మరిచిపోయాను, మర్నాడు పొద్దున్న పాత హోరే స్వాగతం పలికింది. ఇంకోటి, ప్రాసెసర్ ఫ్యాన్‌కు నాలుగు తీగలు కాబట్టి అది లొంగింది. క్యాబినెట్ వెనకాల ఉన్నది మూడు తీగలది, దాన్ని తగ్గించే ఏర్పాటు నా బోర్డులో లేదు. అది ఇప్పటికీ దాని పాట అది పాడుకుంటోంది.

ఫ్యాన్ కనీస వేగం 30 శాతంగా పెట్టాను, వేడెక్కితే స్పీడ్‌ఫ్యాన్ దాన్ని పెంచుతుంది. 30 దగ్గర వెయ్యి చుట్లు తిరుగుతుంది, పక్కన కూర్చున్నా వినపడదు. ఇక మిగిలింది విండోస్ మొదలైనప్పుడు ఇదీ దానంతట అది మొదలవడం. దీనికి అడ్మిన్ అనుమతి కావాలి, స్టార్టప్ ఫోల్డర్‌లో షార్ట్‌కట్ పడేస్తే కుదరదు. అందుకని ప్రోగ్రాములను దానంతట అదే నడిపించే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక టాస్క్ చేసి, 'రన్ విత్ హైయెస్ట్ ప్రివిలేజెస్' టిక్కు పెట్టి, లాగాన్ అవగానే నడిచేలా పెట్టాను. ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, నేనూ ఇదే చెబుతాను. అయితే ఆ కిటికీలో చివర్న సెట్టింగ్స్ అని ఇంకో ట్యాబ్ ఉంది. నేను దాన్ని తెరవలేదు.

రెండు వారాలు హాయిగా గడిచాయి. ఆ తరవాత ఒక రోజు తెల్లవారుజామున లేచి చూస్తే మెషిన్ ఆగిపోయి ఉంది. కరెంటు పోలేదు. ఆన్ చేస్తే మామూలుగా వచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ అదే. ర్యామ్ మీద అనుమానంతో ఒక రాత్రంతా విండోస్ లేకుండా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపాను, ఒక్క తప్పు రాలేదు. మెషిన్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ అయి ఉంటుందని వేరేది పెట్టి చూశాను. రెండు రోజులు బాగుంది, దొంగ దొరికాడనుకున్నాను. మళ్లీ ఆగింది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ ఊడదీసి, ఆ రెంటి మధ్య ఎండి పెళుసైపోయిన పాత పేస్టు గీకి, దుమ్ము దులిపి, కొత్త పేస్టు వేశాను. ఈసారి నాలుగు రోజులు. మళ్లీ ఆగింది. ఏ వైద్యం చేసినా మొదటి రెండు రోజులు గుణం కనిపించేది. అదే నన్ను తప్పుదోవ పట్టించింది, ఎలాగో తరవాత చెబుతాను.

ఒక గురువారం మధ్యాహ్నం వీడియో మార్చే పని నత్తనడక పట్టింది. మామూలుగా పోయే వేగంలో సగం కూడా లేదు. కింద గడియారం పక్కన స్పీడ్‌ఫ్యాన్ చూపించే ప్రాసెసర్ వేడి అంకె మాత్రం 41 దగ్గర కదలకుండా ఉంది. రెండు కోర్లూ నూరు శాతం పనిచేస్తుంటే 41 ఏమిటి? క్యాబినెట్ పక్క తలుపు తీసి హీట్‌సింక్ అంచుకు వేలు తగిలించాను. చురుక్కుమంది. ఫ్యాన్ చూస్తే అలసటగా, తీరిగ్గా తిరుగుతోంది. సరే స్పీడ్‌ఫ్యాన్ కిటికీ తెరిచి చూద్దామని మౌస్‌ని ఆ 41 మీదకు తీసుకెళ్లాను. బాణం తగిలీ తగలకముందే ఆ అంకె మాయమైపోయింది.

అది ప్రోగ్రామ్ కాదు, దాని ఆనవాలు. విండోస్‌లో ఏదైనా ప్రోగ్రామ్ ప్రాణం హఠాత్తుగా పోతే, దాని ఐకాన్ మౌస్ తగిలేదాకా అక్కడే ఉండిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో వెతికితే స్పీడ్‌ఫ్యాన్ లేనే లేదు. ఎప్పుడో పోయింది. పోయేటప్పుడు మెషిన్ ఖాళీగా ఉన్నట్టుంది, ఫ్యాన్‌కు చెప్పిన చివరి మాట 30 శాతం. ఫ్యాన్‌కు ఇక అదే వేదం. ప్రాసెసర్ కాలిపోతున్నా అది 30 దగ్గరే తిరుగుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ తగ్గకపోతే తన్ను తాను కాపాడుకోవడానికి మొత్తం ఆపేస్తుంది.

చంపిందెవరు? టాస్క్ షెడ్యూలర్. నేను తెరవని ఆ సెట్టింగ్స్ ట్యాబ్‌లో ముందునుంచే టిక్కు పెట్టి ఉన్న వరుస ఒకటుంది: టాస్క్ 3 రోజులు దాటి నడిస్తే ఆపెయ్యమని. సోమవారం పొద్దున్న లాగాన్ అయ్యాను, ఆ రోజు గురువారం. ర్యామ్ చూడాలన్నా, ఎస్ఎంపీఎస్ మార్చాలన్నా, పేస్టు వేయాలన్నా మెషిన్ ఆపి మళ్లీ వేయాల్సిందే. వేసిన ప్రతిసారీ మూడు రోజుల లెక్క మొదటికొచ్చేది. అందుకే ఏ మందు వేసినా రెండు రోజులు పనిచేసినట్టే కనిపించింది. మెమ్‌టెస్ట్‌లో ఏమీ దొరకకపోవడానికీ అదే కారణం, అప్పుడు విండోసే లేదు, ఫ్యాన్ బయాస్ చేతిలో ఉంది.

ఆ టిక్కు తీసేశాను, ఆగిపోవడాలు పోయాయి. దాంతోపాటు ఆప్షన్స్‌లో ప్రోగ్రామ్ మూసేటప్పుడు ఫ్యాన్లను 100 శాతానికి పంపే గడి ఉంటే టిక్కు పెట్టాను. అది కూడా పూర్తి రక్షణ కాదు. మెనూలోంచి మూస్తే ఫ్యాన్ గుయ్యిమని లేచింది, టాస్క్ మేనేజర్‌లోంచి బలవంతంగా ఆపితే ఉలుకూ పలుకూ లేదు. ప్రోగ్రామ్ తనంతట తాను సెలవు తీసుకుంటేనే చివరి మాట చెప్పగలుగుతుంది మరి.

తప్పు స్పీడ్‌ఫ్యాన్‌ది కాదు, నాదే. అయినా ఒక సంగతి నాకు మింగుడుపడదు. ప్రాసెసర్ చల్లబడటమనే ముఖ్యమైన పనిని విండోస్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్ చేతిలో పెట్టాను. అది పోతే తరవాత చూసుకునేవాళ్లు లేరు. బయాస్‌కు తెలివి తక్కువైనా అది ఎప్పుడూ మధ్యలో లేచిపోలేదు.

ఆ నిశ్శబ్దం సంగతి కూడా కొంచెం సరిచేసుకోవాలి. కొత్త పేస్టు వేసి దుమ్ము దులిపాక, ఒకసారి స్పీడ్‌ఫ్యాన్ లేకుండా నడిపి చూశాను. హోరు ముందున్నంత లేదు. పూర్తిగా పోయింది మాత్రం స్పీడ్‌ఫ్యాన్ పెట్టాకే. మొదట చెప్పిన మెప్పులో సగం పేస్టుకు ఇవ్వాల్సిందే అనుకుంటాను. నేను వెనక నుంచి ముందుకు చేశాను, మీరు దుమ్ముతో మొదలుపెట్టండి.

మీకు పనికొస్తుందా అంటే, మీ బోర్డు వయసును బట్టి. 4.52 తరవాత కొత్త వెర్షన్ వచ్చి ఏళ్లవుతోంది, ఇప్పటి బోర్డుల చిప్‌లను ఇది గుర్తుపడుతుందని ఆశ పెట్టుకోకండి. ఇలాంటివి హార్డ్‌వేర్‌ను నేరుగా ముట్టుకునే డ్రైవర్ పెట్టుకుంటాయి, దాన్ని చెడ్డ ప్రోగ్రాములు దారిగా వాడుకోవచ్చు. నా విండోస్ 7కు 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి, అందుకే ఆ మెషిన్‌కు నెట్ తగిలించను, నాకు ఆ బెంగ లేదు. బ్యాంకు పనులు చేసుకునే మెషిన్ అయితే నేనైతే పెట్టను. అసలు ఆ గదిలో ఎవరూ పడుకోకపోయి ఉంటే, ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదేమో కూడా.

తీసెయ్యలేదు, వాడుతూనే ఉన్నాను. ఒక అలవాటు మాత్రం అంటుకుంది. ఆ మెషిన్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా గడియారం పక్కనున్న అంకె మీద మౌస్ పెట్టి ఒక క్షణం ఆగుతాను. ఇందాక కూడా చూసొచ్చాను. 43. మాయం కాలేదు.