ముందురోజే కోసిన దసరా కోడి

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో కొంత లోపలికి, బత్తాయి తోటలో కోళ్లు పెంచుకునే ఒక కుటుంబం దగ్గర మేము కొన్నేళ్లుగా పండుగలకు నాటుకోళ్లు కొంటున్నాము. చెట్ల కింద తిరిగి మేసిన కోడికీ, షెడ్డులో ఆరు వారాలకే రెండు కిలోలు తూగే బాయిలర్ కోడికీ ఉన్న తేడా ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు, ధరల సంగతి అసలే అక్కరలేదు. నేను రాయదలచినది ఒక్క విషయం: కోసిన గంటలోపు పొయ్యి మీదికి ఎక్కాలన్న మన పట్టింపు నాటుకోడికి మేలు చేయడం లేదు.

2025లో దసరా అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే వచ్చింది. ఆ రోజు మాంసం దుకాణాలు మూసి ఉంచుతారు కాబట్టి తోట వాళ్లు కూడా కోయబోమని, కావలసిన వారు ముందురోజు సాయంత్రమే తీసుకుపోవాలని చెప్పారు. "రాత్రంత ఫ్రిజ్జుల వెట్టి పొద్దుగాల వండుండ్రి అక్కా, మీరే జెప్తరు" అని ఆ ఇల్లాలు ధీమాగా అన్నది. మా అత్తమ్మకు మాత్రం ఆ మాట గిట్టలేదు. "పండుగ పూట నిన్న గోసిన కోడి తినాల్నా?" అని రెండు మూడు సార్లు అడిగింది. ఫ్రిజ్జులు లేని రోజుల్లో వంట నేర్చిన మనిషి అలా అడగడంలో వింత ఏమీ లేదు.

మాకు ఇచ్చినది అసీల్ అనే పందెం కోడి జాతి కలిసిన పడుచు పుంజు. వరిగడ్డి మంట మీద కాల్చి, పసుపు రుద్ది కడిగి, పొట్ట శుభ్రం చేసి, ముక్కలు కొట్టకుండా తోలుతోనే ఇచ్చారు. ఐస్ వేసిన డబ్బాలో ఇంటికి తెచ్చి, మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్ కింది అరలో పెట్టాను. ఇల్లు చేరేసరికి దాని కాళ్లు బిగుసుకుపోయి, తొడను పక్కకు లాగినా కదలనంత గట్టిగా ఉన్నాయి. తెల్లవారి బయటికి తీస్తే అదే తొడ కీలు దగ్గర సులువుగా వంగింది, కత్తి కూడా ఎక్కడా మొరాయించలేదు. ప్రాణం పోయిన తరువాత కండలో మిగిలిన శక్తి అయిపోగానే కండ బిగుసుకుంటుందని, ఆపైన అందులోని ఎంజైములే ఆ బిగువును మెల్లగా వదిలిస్తాయని తరువాత చదివి తెలుసుకున్నాను. కోసిన వెంటనే ఇంటికి తెచ్చి వండేవాళ్లం సరిగ్గా ఆ బిగువు వేళకే కుక్కరు ఎక్కిస్తున్నామన్నమాట. డీప్‌ఫ్రీజర్‌లో పెట్టవద్దని తోటలో చెప్పడం కూడా మంచిదే అయింది, ఎందుకంటే బిగువు వదలకముందే గడ్డకట్టించిన మాంసం కరిగిన తరువాత కూడా గట్టిగానే ఉండిపోవచ్చు.

ఎండుకొబ్బరి, గసాలు నూరి వేసి పులుసు పెట్టి, గారెలతో వడ్డించాము. తొడ ముక్కలో కండ ఎముకను పట్టుకుని వేలాడకుండా, అలాగని బాయిలర్ ముక్కలా పిండి కాకుండా, నమిలే కొద్దీ రుచి దిగింది. అత్తమ్మ ఇంకో ముక్క వేయమన్నది. అంతకు మించిన మెప్పు ఆమె దగ్గర ఎవరికీ దొరకదు.

అయితే ఇదంతా పడుచు కోడి మాట. ముదురు కోడిలో గట్టిదనం కండరాల మధ్య అల్లుకున్న పీచు నుంచి వస్తుంది, అది ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచినంత మాత్రాన తగ్గదు, సన్నని మంట మీద చాలాసేపు ఉడకాలి. ఆ తోట మీద నాకు గురి కుదరడానికి మొదటి కారణం కూడా వయసే: ఒక్కో విడత పిల్లల కాళ్లకు ఒక్కో రంగు ప్లాస్టిక్ రింగు వేసి, అడిగితే ఎన్ని నెలలదో చెబుతారు. తరువాతి కనుమకు గిరాకీ పెరిగిన వేళ మాకు రింగు లేని పెట్ట వచ్చింది. ఊడిపోయిందేమో అన్నారు. ఎప్పటిలాగే రాత్రంతా ఉంచి, విజిల్ మీద విజిల్ పెట్టి, మళ్లీ నీళ్లు పోసి ఉడికించినా పులుసు అమృతంలా ఉంది గానీ ముక్క పీచులుగా సాగింది. పండుగ రద్దీకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కోళ్లు పోగు చేస్తారని తరువాత వాళ్లే ఒప్పుకున్నారు. తెచ్చి అమ్మడం తప్పు కాదు, కానీ ఆ మాట ముందే చెప్పి ధర తగ్గించాలి. ఇప్పుడు రింగు ఉన్నా సరే, రొమ్ము ఎముక కింది కొసను వేలితో నొక్కి చూస్తున్నాను: వంగితే పడుచుది, రాయిలా ఉంటే ముదురుది.

వాళ్ల దగ్గర వనరాజా, రాజశ్రీ కోళ్లు కూడా ఉన్నాయి. రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పెరటి పెంపకం కోసం రూపొందించిన రకాలు, తినడానికి బాగానే ఉంటాయి, అయితే నాటుకోడి ధర పెట్టి కొనవలసినవి కావు. కడక్‌నాథ్ ఒకసారి తెచ్చాము. నల్లటి ముక్కలు చూసి పిల్లలు కంచం జరిపేశారు.

మాకు తోట దగ్గర, ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ, ముందురోజు వెళ్లి రావడానికి తీరిక ఉన్నాయి కాబట్టి ఈ పద్ధతి కుదిరింది. ఎండలో బస్సెక్కి గంటల తరబడి మోసుకుపోయే వారికి నేను ఇది చెప్పను, వారు ప్రాణంతో ఉన్న కోడినే తీసుకుపోవడం మేలు. మైసమ్మకో ఎల్లమ్మకో మొక్కు ఉంటే ముందురోజు కోత మాటే లేదు, గుడి దగ్గర కోసి అక్కడే వండాలి. అలాంటి వంటకు మేము ఉన్నవాటిలో అన్నిటికన్నా తక్కువ వయసున్న విడత రింగు చూసి పుంజును అడుగుతాము, బరువు కొంచెం తక్కువ తూగినా సరే.